కోరంగి బురదలో స్వయంవరం

కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలో చొల్లంగి దాటాక కోరంగి అభయారణ్యం వస్తుంది. నీరు బాగా తీసే వేళకు చేరేలా చూసుకుని బయలుదేరాను. అందరూ మడ చెట్లనూ పడవ షికారునూ చూడటానికి వస్తారు. నాకు కావలసింది చెక్క వంతెన కింది బురద.

అక్కడ ఫిడ్లర్ పీతలుంటాయి. మగదానికి ఒక డెక్క దాదాపు ఒళ్లంత ఉంటుంది. తిండికి పనికొచ్చేది రెండో చిన్న డెక్కే. ఆడదానికి రెండూ చిన్నవే, రెంటితోనూ బురద నోటికి అందించుకుంటుంది. కదలకుండా నిలబడితే కాసేపటికి బొరియల్లోంచి ఒక్కొక్కటే బయటికొచ్చాయి. ఒక ఆడపీత నడుస్తుంటే చుట్టూ ఉన్న మగవన్నీ డెక్కలెత్తి ఊపడం మొదలుపెట్టాయి. అది ఒకదాని బొరియలోకి సగం దిగి, వెంటనే పైకొచ్చి, పక్కదాని వైపు సాగింది. అక్కడా అంతే.

"పోటు మొదలవుతుంది, త్వరగా చూసేయండి" అన్నాడు పడవ నడిపే ఆయన. నాకు కదలాలనిపించలేదు.

కాలిఫోర్నియా తీరంలోని ఒక జాతిలో ఒక ఆడపీత 106 మగవాటిని చూశాక గానీ తేల్చుకోలేదని పరిశోధకులు నమోదు చేశారు. 1871లో డార్విన్ ఆడవే జోడీని ఎంచుకుంటాయని వాదిస్తే ఎందరో ఒప్పుకోలేదు. ఇప్పుడు ఒప్పుకుంటున్నా, పెద్ద డెక్క ఉన్నదే ఎప్పుడూ గెలుస్తుందన్నట్టు మాట్లాడతారు. అది నాకు మింగుడుపడదు.

ఆస్ట్రేలియా ఉత్తర తీరంలోని మరో జాతిని చూడండి. అక్కడ ఆడపీత మగదాని బొరియలోనే ఉండి గుడ్లను కాపాడుకుంటుంది. పిల్లలను మాత్రం పెద్ద పోటుల రోజుల్లో, రాత్రి నీరు తీసేటప్పుడే వదలాలి. గడువు చాలా ఉంటే పెద్ద మగదాని వెడల్పు బొరియను ఎంచుకుంటుంది. అది చల్లగా ఉంటుంది, పిండాలు నిదానంగా ఎదుగుతాయి. ఆలస్యమైతే చిన్న మగదాని ఇరుకు బొరియే మేలు. ఆ వెచ్చదనానికి పిండాలు త్వరగా ఎదిగి గడువుకు అందుతాయి. అంటే ఆమె ఇష్టం సముద్రాన్ని బట్టి మారుతుంది. ఇంత తెలివైన ఎంపికను మగవాటి ఆడంబరం కథగా చెప్పడం అన్యాయం.

యానాం దాటాక తాటిచెట్లకు గిజిగాడి గూళ్లు కనిపించాయి. మగది సగం అల్లి ఆపుతుంది. ఆడది లోపలికి దూరి చూసి ఒప్పుకుంటేనే మిగతాది పూర్తిచేస్తుంది.

కోరంగి పీతలు వేరే జాతులు, వాటిలోనూ ఆడవాటి ఎంపిక పోటును బట్టి మారుతుందో లేదో చూడాలి. కాకినాడలో జంతుశాస్త్రం చదివే పిల్లలు ఒక అమావాస్య నుంచి పౌర్ణమి దాకా రోజూ అక్కడికి వెళ్లి, ఏ ఆడది ఏ బొరియలో ఆగిందో రాసిపెట్టాలని నా కోరిక. బస్సు దిగితే చాలు, ప్రయోగశాల అక్కడే ఉంది.