నలుగురి ముందు

పడుకుందామని లైటు తీసేసి మళ్ళీ లేచాను. పొద్దున మాకు హింజెస్ (కప్‌బోర్డు తలుపు బందులు) పంపే చైనా ఫ్యాక్టరీతో మాట్లాడిన వీడియో కాల్‌లో ఆ అమ్మాయి మొహం కళ్ళ ముందు నుంచి కదలడం లేదు.

బావగారు గోడౌన్‌లో శాంపిల్ కప్‌బోర్డు ముందు నిలబడి, నా చేత ఫోన్ దగ్గరగా పట్టించి తలుపు తోశారు. సాఫ్ట్‌క్లోజ్ హింజ్ అన్నాక చివర్లో తలుపు తనంతట తనే నెమ్మదించి, చప్పుడు లేకుండా మూసుకోవాలి. ఇది ఠప్పుమంది. మళ్ళీ తోశారు, మళ్ళీ ఠప్పు. తలుపు వేగాన్ని తగ్గించే డ్యాంపర్‌లోని నూనె కారి అంచున జిడ్డుగా మెరుస్తోంది, అదీ చూపించాం. అంతవరకూ బాగానే ఉంది. 240 తీసి చూస్తే 31 ఇలాగే ఉన్నాయి, అడగకుండా ఎలా ఊరుకుంటాం? కానీ ఆ తర్వాత ఆయన ఆ అమ్మాయిని పేరు పెట్టి పిలిచి, "చెక్ చేశానని సంతకం పెట్టింది నువ్వే కదా, ఇది నీ తప్పు" అనేశారు. అవతల వాళ్ళ ఓనరు, ప్రొడక్షన్ మేనేజరు, ఇంకో ఇద్దరు కూర్చుని ఉన్నారు. ఓనరు మా వైపు చూడలేదు, ఆమె వైపు చూశాడు. ఆమె తల దించుకుని నోట్‌బుక్‌లో ఏదో రాసుకుంది. "వీ విల్ స్టడీ" అంది. నెలాఖరుకి కొత్తవి పంపుతారా అని బావగారు రెట్టించి అడిగితే, "మేబీ నాట్ సో కన్వీనియెంట్, వీ ట్రై" అంది.

ఫోన్ పెట్టేసి బావగారు "ఒప్పుకున్నారమ్మా, నెలాఖరుకి ఎక్కించేస్తారు" అన్నారు. ఆ ఊపులోనే మా దగ్గర ఈ సరుకు కొన్న బందరు రోడ్డు పార్టీకి ఫోన్ చేసి మాట కూడా ఇచ్చేశారు.

అది 'సరే' కాదు. వాళ్ళు 'యెన్‌జియూ యెన్‌జియూ' అంటారు, పరిశీలిద్దాం పరిశీలిద్దాం అని. అలా అన్నారంటే చాలావరకు అవ్వదనే. 'అంత అనుకూలంగా లేదు' అన్నారంటే ఇక ఆశ వదులుకోవడమే. పైగా ఈ 2026లో వాళ్ళ కొత్త సంవత్సరం ఫిబ్రవరి 17న. అంతకు చాలా ముందు నుంచే ఫ్యాక్టరీల్లో వర్కర్లు ఊళ్ళకి బయల్దేరిపోతారు. మన సంక్రాంతికి హైదరాబాద్ ఖాళీ అయినట్టు ఫ్యాక్టరీలకు ఫ్యాక్టరీలే ఖాళీ అవుతాయి. ఇన్నేళ్ళుగా 30 శాతం అడ్వాన్స్ కట్టి సరుకు తెప్పిస్తున్న మనిషికి ఇది తెలియదా?

2019 అక్టోబరులో చైనాలో క్యాంటన్ ఫెయిర్ అనే పెద్ద వ్యాపార ప్రదర్శన చూసుకుని ఫోషాన్ ఊళ్ళో వాళ్ళ ఫ్యాక్టరీకి వెళ్ళాం కదా. ఆ అమ్మాయి అప్పుడే కొత్తగా చేరింది. రాత్రి భోజనానికి పెద్ద గుండ్రటి టేబుల్. తలుపుకి ఎదురుగా ఉన్న కుర్చీలో ఓనరు, ఆయనకి కుడిపక్కన బావగారు. నేను ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడి ఉంటే తన పక్కకి లాక్కుంది. ముందు వచ్చిన వేడి టీని తాగబోతుంటే ఆపి, దాన్ని నా గిన్నెలో పోసి, కప్పూ చెంచా చాప్‌స్టిక్స్ అందులో కడిగి ఇచ్చింది. ఆ వైపు అలా కడుక్కునే తింటారట. నేను మాంసం తిననని తెలిసి వంటగదిలోకి తనే వెళ్ళి మాట్లాడి వచ్చింది. టోఫూ వంటకం చూసి నేను సంబరపడేలోపే, అందులో కైమా వేస్తారని పక్కకి జరిపి, వెల్లుల్లి వేసి వేయించిన ఆకుకూర నా ముందుకి తిప్పింది. ఆ పూట నేను కడుపు నిండా తిన్నానంటే ఆమె వల్లే.

ఎవరైనా మన కప్పులో టీ పోస్తే రెండు వేళ్ళు మడిచి టేబుల్ మీద మెల్లగా తట్టాలని నేర్పిందీ ఆమే. మాట్లాడుతున్న వాళ్ళని ఆపకుండా థాంక్స్ చెప్పడం అన్నమాట. దానికో కథ చెప్పింది. చియెన్‌లోంగ్ చక్రవర్తి మారువేషంలో తిరుగుతూ తన వెంట ఉన్న సేవకుడికి స్వయంగా టీ పోశాడట. మోకరిల్లితే రాజుగారి గుట్టు బయటపడుతుంది, ఊరుకుంటే అపచారం. అందుకని వేళ్ళనే మోకాళ్ళలా మడిచి టేబుల్‌కి ఆనించాడట. ఇప్పటికీ ఇంట్లో ఈయన నా గ్లాసులో మజ్జిగ పోస్తే నా వేళ్ళు కదులుతాయి.

మనం తీసుకెళ్ళిన పూతరేకుల డబ్బాని ఓనరు రెండుసార్లు వద్దని, మూడోసారి రెండు చేతులతో అందుకుని, విప్పకుండా పక్కన పెట్టాడు. బావగారు చిన్నబుచ్చుకున్నారు. ఇచ్చిన వాళ్ళ ముందు విప్పి చూడరని ఆమె నా చెవిలో చెప్పింది. మా అమ్మ కూడా అంతే కదా, ఎవరైనా చీర పెడితే వాళ్ళు వెళ్ళేదాకా కవరు ముట్టుకోదు.

ఇదంతా బావగారి మీద కోపంతోనే మొదలుపెట్టాను. రాస్తుంటే శుక్రవారం సంగతి గుర్తొచ్చింది. ఆ బందరు రోడ్డాయన షాపులోకి వచ్చి, కార్పెంటర్ల ముందు, చిన్నోడి ముందు, "నాసిరకం చైనా సరుకు అంటగడతారా" అని అరిచాడు. బావగారు ఒక్క మాట కూడా తిరిగి అనలేదు. మధ్యాహ్నం అన్నం సగంలో లేచిపోయారు. ఆ కడుపుమంటే ఈరోజు ఫోన్‌లో బయటికొచ్చింది.

ఆ అమ్మాయి తప్పు మాత్రం లేదా? డ్యాంపర్లు ఇచ్చేవాళ్ళని మార్చామని ఇప్పుడు చెబుతోంది. అక్టోబరులో 'ఏమైనా మార్పులున్నాయా' అని రాస్తే 'నో ప్రాబ్లం' అనే కదా జవాబు పెట్టింది! 'కాదు' అనే మాట నోటివెంట రానందుకు ఎన్ని తలుపులు ఠప్పుమంటున్నాయో.

అయినా నేనేం చేశాను? ఫోన్ పట్టుకుని పక్కనే ఉన్నాను. ఆవిడ 'స్టడీ' అన్నప్పుడే అర్థమైంది నాకు. బావగారూ, అది ఒప్పుకోవడం కాదండీ అని అక్కడే చెప్పాల్సింది. పనివాళ్ళ ముందు ఆయన మాట కాదనలేక ఊరుకున్నాను. వాళ్ళు 'మియెన్‌జ' అంటారు, మొహం అనే అర్థం. మనం మొహమాటం అంటాం. అక్కడ ఆమె ఏం చేసిందో ఇక్కడ నేనూ అదే చేశాను.

బావగారికి పొద్దున కాఫీ ఇచ్చేటప్పుడు, ఇంట్లో ఎవరూ లేవకముందే చెప్పాలి. బందరు రోడ్డాయనకి సరుకు మార్చి నెలలో అని చెప్పించాలి.

ఇందాక ఆమెకి ఒక్కదానికే విడిగా మెసేజ్ పెట్టాను. 31 హింజెస్ ఫొటోలు, బాక్సు నంబర్లు జతచేసి, "ఇవి నువ్వే అడిగి తెప్పించుకున్నట్టు మీ ఓనరుకి చూపించు, నెలాఖరు అవ్వకపోతే నాకు చెప్పు చాలు" అని. 2020లో మన దగ్గర వాళ్ళ మెసేజింగ్ యాప్ వీచాట్ ఆపేశాక వాట్సాప్‌లోనే మాట్లాడుకుంటున్నాం. అక్కడ వాట్సాప్ పనిచేయదు, ఆమె ఆ అడ్డు దాటించే వీపీఎన్ పెట్టుకుని ఎప్పుడో ఒకసారి తెరుస్తుంది.

ఇక్కడ పన్నెండున్నర. అక్కడ మూడు. ఇంకా ఒక్క టిక్కే ఉంది.