ఏ వెర్షన్‌కి సంతకం పెట్టాలి?

"రెండు వారాలకోసారి కోడ్ మారిపోతే యావుదక్కె సైన్ మాడ్లప్పా?" బెంగళూరులో విమానం ఎగరడానికి తగినదేనా అని చూసే ఎయిర్‌వర్దినెస్ రివ్యూకి వచ్చిన ఓ పెద్దాయన మందలింపు ఇది. న్యాయమైన ప్రశ్న. మన జవాబు కూడా అంత సూటిగా ఉండాలి: రెండు వారాల పని విడత అయిన స్ప్రింట్‌కి కాదు, ఖాయం చేసి పక్కన పెట్టిన వెర్షన్‌కి, అంటే బేస్‌లైన్‌కి పెట్టండి సార్.

మనవాళ్ళలో చాలామంది బ్యాంకు యాప్‌ల దగ్గర పని నేర్చుకుని రక్షణ ప్రాజెక్టుల్లోకి వస్తారు. ఇలా చిన్న విడతల్లో పనిచేసే అజైల్ పద్ధతి అంటే కాగితాలు తగ్గడమే అనుకుంటారు. 2001 నాటి అజైల్ మేనిఫెస్టో అలా అనలేదు. పనిచేసే సాఫ్ట్‌వేర్‌కి పెద్దపీట వేసింది, పత్రాలను కొట్టిపారేయలేదు. విమాన సాఫ్ట్‌వేర్‌కి వాడే ప్రమాణం డీవో-178సీ కూడా ఒక దశ ముగిశాకే ఇంకోటి మొదలెట్టే వాటర్‌ఫాల్‌లోనే చెయ్యమని శాసించదు. ఆధారాలు అడుగుతుంది, అంతే. ప్రాణాల మీదికొచ్చే లెవెల్ ఏ అయితే 71 లక్ష్యాలకు.

దెబ్బ తినేది ట్రేసబిలిటీ దగ్గర, అంటే ఏ రిక్వైర్‌మెంట్‌కి ఏ కోడ్, ఏ టెస్టో చూపే లింకుల దగ్గర. "ఆడిట్ ముందు రాసేద్దాంలే" అంటారు. ఆరు స్ప్రింట్లు గడిచేసరికి రిక్వైర్‌మెంట్ల నంబర్లు మారిపోతాయి, టెస్టులేమో ఇప్పుడు లేని నంబర్లను చూపిస్తుంటాయి, ఏ రిక్వైర్‌మెంట్‌కీ చెందని కోడ్ బయటపడుతుంది. గోడ లేచాక తూకం గుండు వేలాడదీస్తే మేస్త్రీ ఏం చేస్తాడు? ప్రతి వరసకీ వెయ్యాలి. రిక్వైర్‌మెంట్, డిజైన్, కోడ్, టెస్ట్ అటూ ఇటూ ముడిపడకపోతే ఆ స్టోరీ, అంటే స్ప్రింట్‌లోని ఆ పని, "డన్" కానట్టే.

ఇంకోటి, రివ్యూ చేసేవాళ్ళ గంటలు. లెవెల్ ఏలో కోడ్ రాసినవాళ్ళే దాన్ని సరిచూసుకుంటే చెల్లదు. ప్రతి షరతూ విడిగా ఫలితాన్ని మారుస్తుందని చూపే ఎంసీడీసీ కవరేజీకి నాలుగు షరతులున్న ఒక్క నిర్ణయానికి కనీసం 5 టెస్టులు. గురువారం సాయంత్రం ఐదో షరతు చేరిస్తే ఇంకో టెస్టు, మళ్ళీ రివ్యూ. ప్లానింగ్‌లో కోడర్ల గంటలు మాత్రమే లెక్కేసి, స్ప్రింట్ తప్పిందని మనుషుల్ని తిట్టడం అన్యాయం.

విమానంలో ఎలక్ట్రానిక్ పెట్టెల మధ్య డేటా మోసే 1553బీ బస్సు మీద ఒక మెసేజ్‌లో 32 డేటా వర్డ్‌లకు మించి పట్టవు. నిండిన మెసేజ్‌కి ఇంకో విలువ చేర్చాలంటే పెట్టె లోపల కొత్త చిరునామా (సబ్‌అడ్రస్), బస్సుని నడిపే బస్ కంట్రోలర్ షెడ్యూల్, అవతలి కంపెనీ పెట్టె, అన్నీ కదులుతాయి. అందుకే ఇంటర్‌ఫేస్ పత్రం బేస్‌లైన్ దగ్గరే మారాలి. స్ప్రింట్ మధ్యలో ముట్టుకోకూడదు. రెండు బేస్‌లైన్ల మధ్య ఏం మారింది, దానివల్ల ఏ టెస్టులు మళ్ళీ నడపాలి అన్న విశ్లేషణ చేతికిస్తే ఆ పెద్దాయన సంతకానికి ఒక ఆధారం దొరుకుతుంది.

ఇంటర్నెట్ లేని ల్యాబ్‌లో కంపైలర్ వెర్షన్ మొదటిరోజే బిగించాలి. అసలు పరికరాలతో టెస్టు చేసే హార్డ్‌వేర్ రిగ్ సాధారణంగా ఒక్కటే, దానికోసం నాలుగు జట్లు క్యూ కడతాయి. డెస్క్ మీద సిమ్యులేటర్ లేకపోతే స్ప్రింట్ సగం ఎదురుచూపుల్లోనే పోతుంది. బెంగళూరు క్యాలెండర్‌లో సంక్రాంతి ఒక్కరోజే, కాబట్టి కనుమ రోజున రిగ్ ఖాళీ అని మన జట్టుకే రాసేస్తారు. మారతహళ్ళిలో ఊరికి బస్సెక్కేవాళ్ళు ఆ మూడు రోజుల సంగతి డిసెంబరు ప్లానింగ్‌లోనే గట్టిగా చెప్పాలి.