ఏం లేదు

మా పదేళ్ళవాడు ఆదివారం తడి బూట్లతోనే వంటింట్లోకి పరుగెత్తుకొచ్చి, "అమ్మా, ద ప్లేన్ వాజ్ సిట్టింగ్ ఆన్ ఇట్స్ టెయిల్!" అన్నాడు. పోపులో ఆవాలు చిటపటలాడుతున్నాయి. వెనక్కి తిరక్కుండానే "తెలుగులో చెప్పు" అన్నాను. కాసేపు నిలబడి, "ఏం లేదు" అని మేడ మీదికి వెళ్ళిపోయాడు. ఆ రెండు మాటలూ తప్పులేని తెలుగు.

వాడు చెప్పబోయిందేమిటో తర్వాత మావారు చెప్పారు. పక్కింటాయన చిన్న విమానం, సెస్నా 172, ఊళ్ళోని చిన్న ఎయిర్‌పోర్ట్‌లో ఆరుబయటే, తాళ్ళతో నేలకు కట్టి ఉంటుంది. ఈరీ సరస్సు నీళ్ళు ఇంకా వెచ్చగా ఉండగా దాని మీదుగా చలిగాలి వీచిందంటే అమెరికాలోని మా బఫెలో వైపు మంచు కుమ్మరిస్తుంది. 2022 నవంబర్‌లో ఇక్కడికి దగ్గర్లోని ఆర్చర్డ్ పార్క్‌లో నాలుగు రోజుల్లో 80 అంగుళాలు పడింది. ఈసారి అంత లేదు. అయినా తోక రెక్కల మీద పేరుకున్న తడిమంచు బరువుకే విమానం ముక్కు పైకి లేచి, తోక నేలకు ఆనిందట. పక్కింటాయన, మావారు, వీడు ముగ్గురూ మెత్తటి చీపుర్లతో దులిపారు. వేడినీళ్ళు పోయకూడదు, సందుల్లోకి జారి మళ్ళీ గడ్డకడతాయి. గరుకు కాగితమంత పలచటి పొర రెక్క మీద మిగిలినా విమానాన్ని పైకెత్తే బలం 30 శాతం దాకా తగ్గొచ్చు. ఇంత కథ మోసుకొచ్చిన పిల్లాడి నోరు మూయించాను.

"ఇంట్లో ఇంగ్లీషులో అడిగితే పలక్కండి, వాళ్ళే దారికొస్తారు" అని సంక్రాంతి కలయికల్లో తోటి తల్లులకు నేనే చెప్పాను. ఇద్దరు పాటిస్తున్నారు కూడా. కానీ నాకు కోపమొస్తే తిట్టేది ఇంగ్లీషులోనే. మావారితో ఇంటి లోను లెక్కలు మాట్లాడేదీ ఇంగ్లీషులోనే.

రాత్రి పక్కన కూర్చుని అడిగితే ఎదురు ప్రశ్న వేశాడు.

"ఫ్రాస్ట్‌ని ఏమంటారు?"

"మంచు."

"స్నోని?"

"మంచే."

"రెండూ వేరమ్మా. స్నో చీపురుతో పోతుంది. ఫ్రాస్ట్ పోదు."

నాకు తెలిసిన మంచు అనకాపల్లిలో ధనుర్మాసం ముగ్గు వేస్తుంటే తల మీద పడేది. జలుబు చేస్తుందని అమ్మ తువ్వాలు కట్టేది. ఆ ఒక్క మాటతో ఇక్కడి చలికాలమంతా చెప్పమని వాణ్ణి నిలబెట్టాను. హిమం, తుషారం ఉన్నాయని నాకూ తెలుసు. ఆ మాటలు నేనెప్పుడూ నోటితో అనలేదు. వాడెలా అంటాడు?

మళ్ళీ మంచు పడ్డ శనివారం నేనూ వెళ్ళాను. నా చేతికి చీపురిచ్చి, "కొట్టకు అమ్మా, తొయ్యి" అన్నాడు. మిగతాదంతా ఇంగ్లీషులోనే చెప్పాడు. రెక్క కింద నిలబడి విన్నాను, ఒక్కసారి కూడా ఆపలేదు.

ఇంటికొచ్చి అన్నాలకు కూర్చున్నాక వాడు ఏదో మొదలుపెట్టాడు. "తెలుగులో..." అని నా నోటి నుంచి అప్పటికే వచ్చేసింది.