గులాబీ రంగు కొవ్వొత్తి

ఈ రోజు ఆగమన కాలంలో, అంటే క్రిస్మస్‌కి ముందు వచ్చే నాలుగు వారాల్లో, మూడో ఆదివారం. విశాఖపట్నం జ్ఞానాపురం చర్చిలో పొద్దున పూజకి గులాబీ రంగు కొవ్వొత్తి వెలిగించారు. వారానికొకటి చొప్పున వెలిగించే నాలుగింట్లో మిగతా మూడూ ఊదా రంగువే. ఊదా పశ్చాత్తాపానికి, గులాబీ సంతోషానికి. ఈ నాలుగు వారాలూ ఆదివారం పూజలో మహిమ గీతం (దేవుణ్ణి స్తుతించే 'గ్లోరియా' పాట) పాడం. క్రిస్మస్ రాత్రి గంటల మధ్య మళ్లీ అది వినిపిస్తే నాకు ప్రతిసారీ ఒళ్లు జలదరిస్తుంది.

పూజ అయ్యాక యూత్ పిల్లలతో కలిసి క్రిస్మస్‌కి పెట్టే పశువుల పాక పని మొదలుపెట్టాం. పాత గోనెసంచులకి రంగు వేసి కొండలు చేశాం. ఎండుగడ్డి మాత్రం తక్కువే తెచ్చాం. సత్యోపదేశం క్లాసు (చర్చిలో మత పాఠాలు నేర్పే క్లాసు) పిల్లలు చేసిన ఒక్కో మంచి పనికి ఒక్కో గడ్డిపరక తొట్టిలో వేస్తారు, బాలయేసుకి మెత్తగా ఉండాలని. ఒక చిన్నపాప నా దగ్గరికొచ్చి, "అక్కా, నిన్న తమ్ముడితో గొడవ పడ్డాను. మళ్లీ మాట్లాడేశాను. వెయ్యొచ్చా?" అని అడిగింది. వెయ్యమ్మా అన్నాను. గొంతు పట్టేసింది. నేను ఒకరితో మాట్లాడక ఏడాది దాటింది.

పాకలో మరియమ్మ, జోజప్ప (యోసేపు) గార్లు ఉన్నారు, గొర్రెల కాపరులు ఉన్నారు. తొట్టిలో మాత్రం డిసెంబర్ 24 రాత్రి వరకూ బాలయేసు ఉండడు.

ఇంటికొచ్చి పళ్లెంలో తడిమట్టి పరిచి రాగులు చల్లాను. పాక ముందు పచ్చిక కోసం అమ్మమ్మ ఏటా ఇలాగే మొలకెత్తించేది. ఆవిడ లేని మొదటి క్రిస్మస్ ఇది. నీళ్లు చిలకరించి, ఫోన్ తీసి ఆ నంబర్ కలిపాను. రింగవుతోంది.