కౌబ్ దగ్గర బెత్తెడు నీళ్లు

మూడేళ్లుగా ఒక ఊరి పేరు రోజూ నా స్క్రీన్ మీద కనబడుతోంది. ఊరిని మాత్రం ఎప్పుడూ చూడలేదు.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో నేను చేసే పని సరుకు రవాణా బిల్లులు వేసే సాఫ్ట్‌వేర్ మీద. రైన్ నదిలో బార్జీల మీద వెళ్లే సరుకుకి టన్నుకి ఇంత అని ఒక రేటు ఉంటుంది. ఆ రేటు పక్కనే ఇంకో గడి: ఆ నది ఒడ్డునే ఉన్న కౌబ్ అనే ఊరి దగ్గర నీటిమట్టం. అక్కడ నీళ్లు తగ్గేకొద్దీ బిల్లు మీద అదనపు చార్జీ పడుతుంది. 150 సెంటీమీటర్ల దగ్గర ఒక రేటు, 100 దగ్గర ఒకటి, 60 దగ్గర ఇంకోటి. మా పట్టికలో చివరి వరస 40. ఆ కింద ఏమీ లేదు.

2022 ఆగస్టులో నీళ్లు 40 దిగి ముప్పైల్లో పడ్డాయి. ఆ శుక్రవారం సాయంత్రం మా సాఫ్ట్‌వేర్ ఒక బిల్లుకి అదనపు చార్జీ సున్నా అని చూపించింది. పట్టికలో వరస లేకపోతే సున్నా అనుకోమని రాసింది నేనే. నది ఎండిపోతుంటే బిల్లు తగ్గుతోంది! అదృష్టం బాగుండి అది బయటికి వెళ్లకముందే ఒకావిడ పట్టుకుంది. టెన్షన్‌తో ఇంటికొచ్చి విషయం నాన్నతో చెప్పాను.

నాన్న అప్పటికి వచ్చి రెండు నెలలైంది. మాది ధవళేశ్వరం. జూలైలో గోదావరికి వరదొచ్చినప్పుడు ఆయన ఫ్రాంక్‌ఫర్ట్‌లో కూర్చుని రాత్రంతా ఫోన్లో భద్రాచలం నీటిమట్టం చూస్తూనే ఉన్నాడు. 71.3 అడుగులు దాకా వెళ్లింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. అలాంటి మనిషికి ముప్పై సెంటీమీటర్ల నది అంటే నమ్మబుద్ధి కాలేదు.

"నదేంట్రా, పంట బోదె అను. రేపు శనివారమేగా, పోయి చూసొద్దాం పద."

ఆ వేసవిలో నెలకి 9 యూరోల టికెట్ ఒకటి పెట్టారు. లోకల్ రైళ్లు ఎన్నయినా ఎక్కొచ్చు. దాంతో మా రైలు మన పండగ రోజుల రైళ్లలా కిక్కిరిసిపోయింది, నలభై నిమిషాలు లేటు కూడా. రూదెస్‌హైమ్ దాటాక నది ఎడమ కిటికీ పక్కకే వచ్చేసింది. అటూ ఇటూ కొండలు, వాటి మీద ద్రాక్ష తోటలు. నాన్న పాపికొండలతో పోలుస్తాడని ఎదురుచూశాను. ఆయన చూపు కొండల మీద లేదు.

"రాళ్లు తేలిపోయాయిరా" అన్నాడు.

నిజమే. బింగెన్ దగ్గర మొదలుపెట్టి ఎక్కడ చూసినా తెల్లటి గులకరాళ్ల దిబ్బలు, నల్లటి బండలు. మధ్యలో పారే నీళ్లకి రెండు పక్కలా దారి చూపిస్తూ తేలే ఎరుపు, ఆకుపచ్చ బోయాలు. బార్జీలు ఆ సందులోంచే వెళ్లాలి.

కౌబ్ చిన్న ఊరు. కొండకీ నదికీ మధ్య ఇరుక్కుని ఒక రోడ్డు, ఒక రైలు పట్టా, కొన్ని పాత ఇళ్లు. గోడల మీద వరద గుర్తులున్నాయి, ఏ ఏడాది నీళ్లు ఎంతవరకు వచ్చాయో గీతలు గీసి. కొన్ని నా తలకంటే ఎత్తులో ఉన్నాయి. నాన్న వాటి ముందే చాలాసేపు నిలబడ్డాడు. నది మధ్యలో ఒక రాతి దిబ్బ మీద తెల్లటి కోట, దూరానికి రాతి ఓడలా ఉంటుంది. పేరు ఫాల్ట్స్‌గ్రాఫెన్‌స్టైన్. 1327లో మొదలుపెట్టి కట్టింది సుంకం వసూలు కోసం. పోయే ప్రతి పడవా ఆగి డబ్బు కట్టాల్సిందే. 1868లో మాన్‌హైమ్‌లో రైన్ తీరపు దేశాలు ఒప్పందం చేసుకుని నది మీద సుంకాలు లేకుండా చేశాయి. కోటకి సుంకం పని పోయింది గానీ కౌబ్ పేరు చెప్పి డబ్బు పుచ్చుకోవడం ఆగలేదనిపించింది. ఇప్పుడది నా కోడ్‌లో ఉంది.

గట్టు మీద బెంచీ చూసుకుని పులిహోర డబ్బా తెరిచాం. పది నిమిషాలకి మొదటి బార్జీ వచ్చింది.

ఎగువకి పోతోంది, ప్రవాహానికి ఎదురు. పొడవు 110 మీటర్లు, వెడల్పు 11 మీటర్ల పైన. రైన్ మీద ఎక్కువగా తిరిగే సైజు ఇదే. మన లాంచీల్లా పైకి లేచిన ముక్కు ఉండదు, పెద్ద ఇనప తొట్టెలా ఉంటుంది. ఇంజన్ చప్పుడు పెద్దగా లేదు, గట్టు మాత్రం సన్నగా అదురుతోంది. మామూలు రోజుల్లో నిండుగా ఎక్కిస్తే పక్క అంచు నీళ్లకి కాస్త పైన మాత్రమే కనిపిస్తుంది. ఇప్పుడు ఇనప గోడ మొత్తం బయటే ఉంది. కింది సగం రంగు వేరు, ఎప్పుడూ నీళ్లలో ఉండే భాగమది.

"ఖాళీగా పోతోందేంట్రా ఇది?"

"ఖాళీ కాదు నాన్నా. పావు వంతు ఎక్కించి ఉంటారు."

"ఇంత దాంట్లో పావు వంతా?"

అప్పుడు లెక్క చెప్పాను. కౌబ్ కొలబద్ద మీద 35 అంటే నదిలో జానెడున్నర నీళ్లని కాదు. ఆ సున్నా అనేది నది అడుగు కాదు. 78 ఉన్నప్పుడు ఓడ దారిలో 1.90 మీటర్ల లోతు ఉంటుంది. అంటే 35 ఉంటే దాదాపు మీటరున్నర. పేపర్లు ఇది చెప్పకుండా అంకె మాత్రం వేస్తాయి, జనం మోకాలి లోతు అనుకుంటారు. నాన్నకి మాత్రం వెంటనే అర్థమైంది. "భద్రాచలంలో 71 అడుగులంటే అడుగు నుంచి కొలుస్తారా ఏంటి? కొలబద్ద లెక్క వేరు, లోతు లెక్క వేరు."

ఈ సైజు బార్జీ నిండుగా ఎక్కిస్తే మూడు మీటర్ల పైనే మునుగుతుంది, రెండున్నర మూడు వేల టన్నులు మోస్తుంది. 25 టన్నుల లారీలైతే వంద కావాలి. ఇక అడుగు వైశాల్యం చూస్తే, ఒక్క సెంటీమీటరు ఎక్కువ మునిగితే సుమారు 11 టన్నుల సరుకు ఎక్కువ పడుతుంది. నాన్న చేతి నాలుగు వేళ్లూ దగ్గర పెట్టి, "అయితే ఈ బెత్తెడుకి ఎంత?" అన్నాడు. ఎనభై టన్నుల పైన. మూడు లారీలు. అదే నాలుగు వేళ్లు నీళ్లు తగ్గితే మూడు లారీల సరుకు రేవులో దిగిపోవాల్సిందే. బార్జీకి మాత్రం డీజిల్, మనుషుల జీతాలు దాదాపు అంతే. అదనపు చార్జీ అందుకే.

మరి రైళ్లలో పంపొచ్చుగా అని అడిగేలోపే మా వెనక ఒక గూడ్సు రైలు వెళ్లింది. ఐదు నిమిషాలకి ఇంకోటి. ఎదుటి గట్టున ఇంకో రైలు దారి, అది కూడా ఖాళీగా లేదు. నది మీద సరుకంతా పట్టాల మీదకి ఎక్కించే చోటు అసలు లేదు. పైగా ఆ ఏడాది రష్యా గ్యాసు తగ్గి బొగ్గు కేంద్రాలు మళ్లీ నడపాలనుకుంటున్నారు. మాన్‌హైమ్ లాంటి చోట్లకి ఆ బొగ్గు వచ్చేది ఈ దారినే.

మధ్యాహ్నం దాకా పదిహేడు బార్జీలు లెక్కపెట్టాడు నాన్న. జెండాల్లో డచ్చి వాళ్లవే ఎక్కువ, తర్వాత జర్మనీ, బెల్జియం, ఒకటి స్విట్జర్లాండ్. సముద్రం లేని స్విట్జర్లాండ్‌కి బాసెల్ రేవు ఈ నది మీదే ఉంది. ఒకదాని కుడి పక్కన పెద్ద నీలం బోర్డు, మధ్యలో తెల్ల లైటు కొట్టుకుంటోంది. నాన్న ఏదో అడ్వర్టైజ్‌మెంట్ అనుకున్నాడు. ఎదురొచ్చే వాడికి కుడి పక్క నుంచి తప్పుకుందాం అని చెప్పే గుర్తు అది. ఏ పక్కన తప్పుకోవాలో ఎగువకి వెళ్లేవాడు తేలుస్తాడు. మంటలంటుకునే సరుకైతే ఒక నీలం శంకువు వేలాడదీస్తారు, మనుషులకి హాని చేసేదైతే రెండు, పేలుడు సామానైతే మూడు. మాకు మూడు కనబడలేదు.

నాన్నకి అన్నిటికంటే నచ్చింది ఇంకోటి. ఒక బార్జీ వెనక భాగంలో చిన్న ఇల్లు, కిటికీలకి లేసు కర్టెన్లు, కుండీల్లో ఎర్ర పువ్వులు. ఇంటి కప్పు మీద ఒక కారు, పక్కన దాన్ని దించడానికి చిన్న క్రేను. రేవులో ఆగితే కారు దించుకుని బజారుకి పోతారు. మొగుడూ పెళ్లామే నడుపుకునే బార్జీలు ఇప్పటికీ ఉన్నాయి. పిల్లలకి స్కూలు వయసు వస్తే హాస్టల్లో పెట్టాల్సిందే. ఒకావిడ తీగ మీద బట్టలు ఆరేస్తోంది. నాన్న చెయ్యి ఊపాడు, ఆవిడా ఊపింది.

"మన పడవల్లోనూ ఇంతేరా. వంట కూడా పడవలోనే."

నాన్న చిన్నప్పుడు కాలువలో ధాన్యం పడవలు, ఇటుకల పడవలు, కొబ్బరికాయల పడవలు వెళ్లేవి. గాలి ఉంటే తెరచాప, లేకపోతే ఇద్దరు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో లాగేవాళ్లు. లాకుల దగ్గర తలుపులు తెరిచేదాకా వరసగా నిలబడేవి. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తిచేసి, కాలువలు తవ్వించింది పంటకి మాత్రమే కాదు, సరుకు కోసం కూడా. రైళ్లకంటే నీటి దారులే ఈ దేశానికి మేలని ఆయన వాదించాడు. ఆ వాదన నెగ్గలేదు. 2008లో కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా, గోదావరి, కృష్ణలతో కలిపి 1,078 కిలోమీటర్లు జాతీయ జలమార్గం-4 అని ప్రకటించారు. అందులో కాకినాడ కాలువ 50, ఏలూరు కాలువ 139. నేను ఈ అంకెలు చెబితే నాన్న నవ్వాడు. "కాలువ ఉంది. దాని మీద కట్టిన వంతెనల కింద నుంచి నీ బార్జీ పోవాలంటే ముందు దాని నెత్తి కోసెయ్యాలి."

వేసవిలో కాలువలు కట్టేస్తే పడవలన్నీ గట్టున పడి ఉండేవట. ఆ రెండు నెలలూ సరంగులు ఏం తినేవాళ్లు అని అడిగాను. "అప్పు" అన్నాడు.

సాయంత్రం పక్క స్టేషనుకి వెళ్లి లోరలై కొండ చూశాం. పాటలు పాడి పడవల్ని ముంచే ఆడమనిషి కథ కోసం జనం విరగబడి వస్తారు. నాకు అక్కడ గుర్తొచ్చింది 2011 జనవరి. 2,400 టన్నుల సల్ఫ్యూరిక్ ఆమ్లంతో పోతున్న వాల్డ్‌హోఫ్ అనే ట్యాంకరు ఆ మలుపు దగ్గరే బోల్తా పడింది. నలుగురిలో ఇద్దరు దక్కలేదు. వారాల తరబడి వందల ఓడలు ఆగిపోయాయి. తమాషా ఏంటంటే ఆ మలుపులో నీళ్లు 20 మీటర్ల పైనే లోతు. ఎంత లోతుంటే ఏం లాభం, కాస్త ఎగువన కౌబ్‌లో మీటరున్నర ఉంటే దానికి తగ్గట్టే ఎక్కించాలి. సముద్రం దగ్గరి రాటర్‌డామ్ రేవులో సరుకు ఎక్కించేటప్పుడే కౌబ్ చూసుకుంటారు. కౌబ్ దాటక్కర్లేని డ్యూస్‌బుర్గ్ దాకా ఆరు బార్జీలు కట్టి ఒకే ఇంజన్ పడవతో తోసుకుపోతారు, పదహారు వేల టన్నులు ఒక్కసారే.

2018 అక్టోబరులో కౌబ్ 25కి పడింది, రికార్డు అది. కౌబ్‌కి ఎగువన లుడ్విగ్స్‌హాఫెన్‌లో ఉన్న బీఏఎస్ఎఫ్ అనే రసాయనాల కంపెనీకి ఆ ఏడాది నీళ్లు లేక పోయింది దాదాపు 25 కోట్ల యూరోలు. అందుకని వాళ్లు 17.5 మీటర్ల వెడల్పుతో ట్యాంకరు ఒకటి కట్టించారు, 30 దగ్గర కూడా 800 టన్నులు మోసేలా. మేం వెళ్లొచ్చిన మరుసటి ఏడాది అది నీళ్లలోకి దిగింది. ప్రభుత్వం దారిలో ఇంకో 20 సెంటీమీటర్లు లోతు చేస్తామని ఎప్పటి నుంచో అంటోంది. ఓడని వెడల్పు చెయ్యడమే త్వరగా అయ్యే పనిలా ఉంది.

సోమవారం ఆఫీసులో కాంట్రాక్టు తీసి చదివాను. మూడేళ్లలో మొదటిసారి, ఒప్పుకోవాలి. 40 కింద వరస ఎవరూ మర్చిపోలేదు, కావాలనే రాయలేదు. అంతకన్నా తగ్గితే సరుకు తీసుకెళ్లాలన్న బాధ్యత బార్జీ వాడికి లేదు. ఫోన్ చేసి, వస్తాడో రాడో, ఎంతకి వస్తాడో మాట్లాడుకోవాలి. సున్నా తీసేసి అక్కడ ఒక ఎర్ర మెసేజ్ పెట్టాను: ఫోన్ చేయండి.

ఇంటికెళ్లి చెబితే నాన్న ఆశ్చర్యపోలేదు. "వేసవిలో మా పడవలకీ రేటుండేది కాదురా. సరంగుని అడగడమే" అన్నాడు. తర్వాత ఫోన్ అందుకుని, "ఇవాళెంత?" అన్నాడు.

భద్రాచలమా, కౌబా అని నేను అడగలేదు.