అలసట మాడ్, మూడో ప్రయత్నం: వంద గడులు, 1,600 టిక్కులు

ఎట్టకేలకు నిన్న రాత్రి రిమ్‌వరల్డ్ అనే కంప్యూటర్ ఆటలో నా కాలనిస్టు (ఆటలో మనం నడిపించే మనిషి) వంద గడుల దారిని సరిగ్గా 1,600 టిక్కుల్లో (టిక్కు ఆటలో కాలానికి అతి చిన్న కొలత) దాటింది. నిద్ర కరవైనకొద్దీ నడక మందగించేలా నేను రాస్తున్న మాడ్ (ఆటను మార్చే అదనపు ప్రోగ్రామ్), బరువు మోసేవారి నడకను తగ్గించే వేరొకరి మాడ్‌తో కలిసి సరైన లెక్క చూపించడం ఇదే మొదటిసారి. ఆ సంతోషం ఒక్క గంట నిలిచింది. ఆ తర్వాత బయటపడిన చిక్కు ఇంకా తెగలేదు.

నేను 1.4 వెర్షన్ మీద పనిచేస్తున్నాను. అందులో మనిషి మూల వేగం సెకనుకు 4.6 గడులు, ఆట సెకనుకు 60 టిక్కులు. అంటే ఒక గడికి 13.04 టిక్కులు పడాలి, కానీ ఆట దాన్ని పూర్ణసంఖ్యకు సవరించి 13గా తీసుకుంటుంది. కాబట్టి ఏ మాడూ లేకుండా వంద గడులకు 1,300 టిక్కులు. నా మాడ్ పది శాతం, ఆ బరువు మాడ్ పది శాతం ఆలస్యం చేర్చే సందర్భాన్ని పరీక్షకు ఎంచుకున్నాను. 13.04ను 1.21తో హెచ్చిస్తే 15.78, సవరిస్తే 16. నేను ఎదురుచూసిన 1,600 అక్కడి నుంచి వచ్చినదే.

మొదటి ప్రయత్నంలో, గడికి ఎన్ని టిక్కులో లెక్కకట్టే టిక్స్‌పర్‌మూవ్ మెథడ్‌కు హార్మొనీ (ఆట కోడ్‌ను మార్చేందుకు మాడ్‌లు వాడే లైబ్రరీ) ప్రీఫిక్స్, అంటే అసలు మెథడ్ కంటే ముందు నడిచే కోడ్, తగిలించి, లెక్క మొత్తం నేనే చేసి, అసలు మెథడ్ నడవకుండా ఫాల్స్ తిరిగి ఇచ్చాను. ఆ మాడ్ కూడా అదే పని చేస్తోంది. రెండింటి ప్రాధాన్యం హార్మొనీ మామూలుగా ఇచ్చే 400 కావడంతో ముందు నమోదైనది నెగ్గుతోంది, రెండోది అసలు నడవడమే లేదు. లోడ్ ఆర్డర్ (మాడ్‌లు లోడయ్యే వరుస) ఎటు మార్చినా 1,400 టిక్కులే వచ్చాయి. ఎవరి మాడ్ మాయమైందో హార్మొనీలోని గెట్‌ప్యాచ్‌ఇన్ఫోతో ఆ మెథడ్ మీది ప్యాచ్‌ల జాబితా తీసి చూసేదాకా నాకు అర్థం కాలేదు. అసలు మెథడ్‌ను పూర్తిగా పక్కన పెట్టే ప్రీఫిక్స్ ఇతరుల మాడ్‌లతో కలిసి బతకాలనుకునేవారికి ఆఖరి మార్గంగా మాత్రమే ఉండాలని ఇప్పుడు గట్టిగా అనుకుంటున్నాను.

రెండో ప్రయత్నం పోస్ట్‌ఫిక్స్, అంటే అసలు మెథడ్ తర్వాత నడిచే కోడ్. అసలు మెథడ్‌ను ఎవరు దాటవేసినా పోస్ట్‌ఫిక్స్ నడుస్తుంది కాబట్టి ఇది సరిపోతుందని నమ్మాను. వచ్చినది 1,500. నా చేతికి అందేసరికే 14.35 కాస్తా 14 అయిపోయింది, దాన్ని 1.1తో హెచ్చిస్తే 15.4, మళ్లీ సవరిస్తే 15. రెండుసార్లు సవరించడంలో గడికి ఒక టిక్కు పోయింది. ఇలాంటి మాడ్‌లు మూడు చేరి ఒక్కొక్కటి అయిదు శాతం చేర్చితే తప్పు ఎదురు దిశలో వస్తుంది: 13 నుంచి 14, 15, చివరికి 16 దాకా పోతుంది, నిజానికి రావలసినది 15. ట్రాన్స్‌పైలర్ (మెథడ్ లోపలి సూచనలనే మార్చే కోడ్) రాయమని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు గానీ, ఒకే సూచనను ఇద్దరు వెతికి మార్చినప్పుడు రెండోవారికి అది దొరకకపోవచ్చన్న భయంతో నేను ఆ దారికి వెళ్లలేదు.

మధ్యలో ఒక సాయంత్రం పూర్తిగా వృథా అయింది. వాన వల్ల వేగం మారకూడదని పైకప్పు ఉన్న నడవాలో పరీక్ష పెట్టాను, దీపాలు పెట్టడం మరిచాను. కటిక చీకటిలో వేగం 80 శాతానికి పడిపోతుంది, గడికి 16.3 టిక్కులు, అంటే 16. నా మాడ్ ఆపేసి ఉన్నప్పుడు కూడా నేను కోరుకున్న 1,600 కనిపించింది. కొలతకు ముందు వెలుతురు చూసుకోవడం ఇప్పుడు నా మొదటి పని.

మూడో ప్రయత్నం ఫలించింది. మెథడ్‌ను ముట్టుకోకుండా మూవ్‌స్పీడ్ స్టాట్‌కు (నడక వేగం విలువకు) ఒక స్టాట్‌పార్ట్‌ను (ఆ విలువను సవరించే చిన్న భాగాన్ని) ఎక్స్‌ఎమ్‌ఎల్ ప్యాచ్‌తో, అంటే ఆట డేటాను మార్చే పద్ధతిలో, చేర్చాను. ఆ బరువు మాడ్ తన లెక్కను మూవ్‌స్పీడ్ విలువ చదివే మొదలుపెడుతుంది కాబట్టి నా తగ్గింపు దశాంశాలతో సహా దానికి చేరుతోంది. నేను హెచ్చింపు మాత్రమే వాడాను. కూడిక వాడి ఉంటే ఎవరి భాగం ముందు వస్తుందన్న దాన్ని బట్టి ఫలితం మారేది. సేవ్ ఫైల్‌లో ఇది ఏమీ రాయదు, మధ్యలో తీసేసినా ఆట చెడదు. నిద్ర అవసరం లేని యంత్రాల దగ్గర వచ్చిన నల్ రిఫరెన్స్ లోపం (లేని విలువను చదవబోతే వచ్చేది) ఒక్క వరుసతో పోయింది.

ఇక తెగని చిక్కు. అలసటను సున్నా నుంచి 15 శాతం దాకా ఒక్కో శాతం పెంచుతూ, నా మాడ్ ఒక్కటే పెట్టి కొలిచాను. మూడు శాతం దాకా 1,300, నాలుగు నుంచి పదకొండు దాకా 1,400, పన్నెండు నుంచి 1,500. వాలులా ఉండాలనుకున్నది మెట్లలా తేలింది. నాలుగు శాతం అలసినవారూ పదకొండు శాతం అలసినవారూ పక్కపక్కనే ఒకే నడక నడుస్తున్నారు. మొదట నా కోడ్‌లో దశాంశాలను కోసేసే మార్పిడి ఎక్కడో ఉందనుకుని మూడుసార్లు వెతికాను. లేదు. కంపైలైన కోడ్‌ను చదివే ఐఎల్‌స్పైలో మెథడ్ తెరిచి చూస్తే చివరి సవరణ ఆటదే, తిరిగి ఇచ్చే విలువే పూర్ణసంఖ్య. మిగిలిన భిన్నాన్ని దాచి తర్వాతి గడికి కలపాలన్న ఆలోచన వచ్చింది గానీ, దారి వెతికే కోడ్ కూడా ఇదే విలువను అడుగుతుంది కాబట్టి అడుగు వేయకుండానే ఆ భిన్నం ఖర్చయిపోతుంది. పైగా అందుకోసం మళ్లీ ఆ మెథడ్‌నే ప్యాచ్ చేయాలి.

ప్రస్తుతానికి పరిధిని 30 శాతానికి పెంచి చూడబోతున్నాను. నా లెక్క ప్రకారం మెట్లు సుమారు 3.5, 11.2, 18.8, 26.5 శాతాల దగ్గర పడాలి, అయిదు స్థాయిలైతే తేడా కంటికి ఆనుతుంది. దానితో పాటు పని వేగానికీ ఇలాంటి స్టాట్‌పార్ట్ ఒకటి రాస్తాను. మిగిలిన పనిని ఆట దశాంశాలతోనే తగ్గిస్తుంది కనుక అక్కడ వాలు వాలుగానే రావాలి. వచ్చే పరీక్ష అదే నడవాలో, ఈసారి ఆరు దీపాలతో.