డైనోసార్ల గుడ్ల లెక్క

ఆదివారం, రాత్రి

ఇవాళ పొద్దంతా ఒకటే వాదన, డైనోసార్లు పరిణామంతో వచ్చాయనడం లెక్కకు కుదరదని. ఏనుగును మించిన ఒళ్లు, ఈడుకు రావడానికే ఏళ్లకేళ్లు. అలాంటి జంతువులు ఎన్నిసార్లు గుడ్లు పెట్టాలి, ఎన్ని పిల్లలు బతకాలి, పరిణామం ఎప్పుడు జరగాలి? వినడానికి సబబుగానే ఉంటుంది గానీ, ఇది నోటితో తేలే సంగతి కాదు. కాగితం మీద వేసిన లెక్క ఇక్కడ రాసి ఉంచుతున్నాను.

లెక్కకు బాగా లొంగే జంతువు మయసారా. అమెరికాలోని మోంటానాలో దొరికిన బాతుమూతి డైనోసార్. మోకాలి కింది ఎముకలు 50 తీసుకుని, అడ్డంగా కోసి, వెలుతురు దూరేంత పలచగా అరగదీసి, మైక్రోస్కోపు కింద వలయాలు లెక్కపెట్టారు. ఏడాదికో వలయం. ఏది ఏ వయసులో చచ్చిందో దాన్నిబట్టి తెలుస్తుంది. 2015లో వచ్చిన ఆ పట్టిక ప్రకారం పుట్టిన ఏడాదే పోయేవి 89.9 శాతం. అక్కణ్నుంచి ఎనిమిదో ఏడు దాకా ఏటా పోయేవి 12.7 శాతమే. ఎనిమిది దాటాక మళ్లీ 44.4. మూడో ఏట గుడ్లకు వస్తాయి.

100 పిల్లలు పుడితే ఏడాది తిరిగేసరికి 10 మిగులుతాయి, మూడేళ్లు నిండేసరికి 8కి కాస్త తక్కువ. మంద పెరగకుండా తరగకుండా ఉండాలంటే ఒక ఆడదాని జీవితంలో రెండు పిల్లలు ఈడుకు వస్తే చాలు. అందుకు కావలసిన పిల్లలు 26. మయసారా గూట్లో 30 నుంచి 40 గుడ్లుంటాయి. అంటే గుడ్లన్నీ పిల్లలైతే ఒక్క గూడుతో సరి!

కానీ అన్నీ పిల్లలు కావు కదా. ఈడుకొచ్చిన ఆడది ఆ మరణాల రేటుతో సగటున ఐదు సీజన్లు చూస్తుంది. ఏటా ఒక గూడు, గూటికి 30 చొప్పున 150 గుడ్లు. కావలసింది 26. అయిదింట నాలుగు గుడ్లు చెడిపోయినా బండి నడుస్తుంది.

ఈ లెక్కలో బలహీనమైన చోటు మొదటి సంఖ్యే. పసి ఎముకలు మెత్తన, శిలాజాలు కాకముందే నలిగి పోతాయి. కాబట్టి 89.9 అసలు కంటే తక్కువై ఉండొచ్చు. 97 శాతం అనుకుందాం: 88 పిల్లలు కావాలి, 150లో సగానికి పైగా పొదగాలి. కష్టమే గానీ సాధ్యమే. 98.25 శాతం దాటాక మాత్రం, గుడ్లన్నీ పొదిగినా సరే, మంద అంతరిస్తుంది. అవతలి వాళ్లు పట్టుకోవలసిన పాయింటు ఇదీ, ఒంటి బరువు కాదు.

గుడ్లు ఎందుకు చెడతాయంటే, ముఖ్యంగా పొదిగే కాలం వల్ల. గుడ్డులోని పిల్లల పళ్లలో రోజుకో గీత పడుతుంది. ఆ గీతలు లెక్కపెడితే ప్రోటోసెరాటాప్స్ అనే చిన్న డైనోసార్‌కు సుమారు 3 నెలలు, మయసారా చుట్టమైన హైపక్రోసారస్‌కు సుమారు 6 నెలలు పొదుగు కాలమని 2017లో తేలింది. ఆర్నెల్లపాటు నేలమీద గుడ్డు! వరద రావచ్చు, దొంగ తినొచ్చు. గుజరాత్‌లోని ధోలీ డుంగ్రీలో సారోపాడ్ (పొడుగు మెడ డైనోసార్) గూట్లో, పిల్ల బయటికొచ్చిన గుడ్డును చుట్టుకుని మూడున్నర మీటర్ల పాము శిలాజంగా దొరికింది. సనాజె అని పేరు. మధ్యప్రదేశ్‌లోని ధార్ జిల్లాలో 92 గూళ్లు, 256 గుడ్లు దొరికాయి గానీ, గూళ్ల పక్కన పెద్దవాటి ఎముకలు లేవు. ఆ గుడ్లు పెట్టిన టైటనోసార్లు (సారోపాడ్లలో ఒక రకం) పెట్టి పోయే రకం కాబోలు. అలాంటి వాటికి ఆస్తి గుడ్ల సంఖ్యే.

ఇక రెండో అభ్యంతరం, ఇది గట్టిది. ఒక జన్యువు స్థానంలో మరొకటి మందంతటా పాకాలంటే పాతది ఉన్నవన్నీ సంతానం లేకుండా పోవాలి. ఆ ఖర్చును జీవశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ 1957లో లెక్కగట్టి, ఒక మార్పుకు సుమారు 300 తరాలన్నాడు. అంత నెమ్మదైతే పెద్ద మార్పులకు కాలం చాలదని అభ్యంతరం. హాల్డేన్ లెక్కలో ప్రకృతి ఎంపిక వల్ల వచ్చే చావులు మామూలు చావుల మీద అదనం. పదింట తొమ్మిది పిల్లలు ఎలాగూ మొదటేడే పోయే జాతిలో అదనం అక్కర్లేదు. చచ్చేవి ఎన్నో ముందే ఖాయం, ఎవరన్నదే తేలాలి. 22 నెలలు మోసి ఒక్క గున్నను కనే ఏనుగుకు ఆ వెసులుబాటు లేదు. అయినా ఏనుగు జాతి మారుతూనే వచ్చింది.

తరాలకు కరువా అంటే, అదీ లేదు. మాంసం తినే భారీ డైనోసార్ టి. రెక్స్ మీద 2021లో వచ్చిన అంచనా ప్రకారం తరం 19 ఏళ్లు, ఒక్కో కాలంలో బతికున్నవి సుమారు 20,000, మొత్తం 1,27,000 తరాలు. నాకు ఇందులో ఇరుకుగా కనిపించేది 20,000 అన్న అంకె. మంద చిన్నదైతే మంచి మార్పు కూడా అదృష్టం బాగోక పోతుంది.

చివరిది మన కోటసారస్ అనే డైనోసార్. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్లో నిలబెట్టిన అస్థిపంజరం యామన్‌పల్లి దగ్గర దొరికింది. 9 మీటర్లు, దాదాపు రెండున్నర టన్నులు. తర్వాత 3 కోట్ల ఏళ్లకు 40 టన్నుల బ్రాకియోసారస్ లాంటివి ఉన్నాయి. కోటసారస్ వాటి తాత కాదు, కొలమానంగా వాడుతున్నానంతే. పెరుగుదల 16 రెట్లు. తరానికి 25 ఏళ్లు వేస్తే 12 లక్షల తరాలు. మొదటి తరాలకు వచ్చే పెరుగుదల, రెండున్నర టన్నుల ఒంటిమీద, తరానికి 6 గ్రాములు. గాలపగోస్ దీవుల్లో 1977 కరువు తర్వాత పిచ్చుకంత ఫించ్ పక్షుల ముక్కు ఒక్క తరంలోనే 3-4 శాతం పెరిగింది. తరాన్ని 50 ఏళ్లకు సాగదీసినా ఆ 6 గ్రాములు 12 అవుతాయి, అంతే.